ఒకటో నంబరు పిస్టన్

బ్రహ్మం నాలుగు పిస్టన్లూ తెచ్చి గోవిందాచారి గారి అరుగు మీద, నాగరత్నం అప్పుడే వేసి లేచిన ముగ్గు మీద, దబ్బున దించాడు. తామరపువ్వు నడిమధ్యన నల్లటి నూనె మరక పడింది.

"ఇంత అరుగుంటే నీకు ముగ్గు మీదనే దొరికిందా చోటు? కండ్లు కనపడవా?" అంది రత్నం.

"కనపడినాయి కాబట్టే పెట్టినా. ఇంత మంచి ముగ్గుకు దిష్టి తగలకుండా నల్లచుక్క."

రత్నానికి నవ్వు వచ్చింది. రానివ్వలేదు.

"ఏందివి? ఎవరింట్లో చెంబులు ఎత్తుకొచ్చినావు?"

"చెంబులు కాదు, పిస్టన్లు. పలకల సుబ్బయ్య గారి కారుకు ఇవే గుండెకాయలు."

"కారుకు నాలుగు గుండెకాయలా! ఆయనకు ఒక్కటి కూడా లేదంటారే ఊర్లో."

మార్కాపురంలో అప్పటికి మోటారు కార్లు రెండే. ఒకటి పలకల వ్యాపారం వెంకటసుబ్బయ్యది, రెండోది నూనె మిల్లు రామయ్యది. మిగతా జనానికి కాళ్ళున్నాయి. రామయ్య కారుకు ఆరు సిలిండర్లు. సుబ్బయ్య కారుకు నాలుగే, అవి కూడా మద్రాసులో ఎవరో వకీలు వాడి వాడి విసుగొచ్చి వదిలేసినవి. గిద్దలూరు దాటి నల్లమల ఘాటు ఎక్కాలంటే ఆ కారుకు ముందు పెట్రోలు పోయాలి, వెనక నుంచి నెట్టడానికి నలుగురు మనుషుల్ని దింపాలి. సుబ్బయ్య గారు మాత్రం దిగరు. కారు ఆయనది కదా.

ఇప్పుడు కర్నూలు నుంచి కలెక్టరు దొర ఆ ఘాటు మీదుగా వస్తున్నాడు. పదిరోజులు టైముంది. ఘాటు పైన ఎవరు ముందు ఎదురెళ్ళి దండ వేస్తే వాళ్ళకు రావు సాహెబ్ బిరుదు ఖాయమని ఊళ్ళో ఎవరో అన్నారు. ఎవరన్నారని ఎవరూ అడగలేదు. రామయ్య దండకు ఆర్డరిచ్చాడు. సుబ్బయ్య అంతకంటే జానెడు పొడుగు దండకు ఆర్డరిచ్చి, బెజవాడ మోటారు షాపులో నాలుగేళ్ళు పని నేర్చుకుని వచ్చిన కమ్మరి పిచ్చమ్మ కొడుకు బ్రహ్మాన్ని పిలిపించాడు.

లోపలి నుంచి కంసాలి గోవిందాచారి వచ్చి కుంపటి దగ్గర కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా ఆయన త్రాసు చెప్పిన మాటకు ఆ తాలూకాలో ఎదురు లేదు. రెండేళ్ళ నుంచి నడుము నొప్పి అని తూకం కూతురికి అప్పజెప్పాడు. నడుముకూ త్రాసుకూ సంబంధమేమిటో రత్నం అడగలేదు.

"మామా, ఇంజను ఎంత గిర్రున తిరిగితే అంత బలం వస్తది," అన్నాడు బ్రహ్మం. "ఇప్పుడది నిమిషానికి రెండువేల చుట్లకే రొప్పుతాంది. నేను మూడువేలు తిప్పాల."

"తిప్పితే?"

"పగిలిపోతది."

"దానికి బెజవాడ దాకా పోయి నేర్చుకోవాల్నా?"

"పగలకుండా తిప్పేదే నేర్చుకున్నది. దానికే నీ త్రాసు కావాల. నాలుగూ ఒక్క బరువుండాల మామా. నలుగురు బోయీలు పల్లకి మోస్తాంటే ఒకడు మాత్రం గెంతుతా నడిస్తే, లోపల పెండ్లికొడుకు గతి ఏంది?"

"పెండ్లికొడుకు గతి ఎట్లైనా గానీ, పల్లకి ఇరగకూడదు," అంది రత్నం త్రాసు తీస్తూ.

బ్రహ్మం తల ఎత్తి చూశాడు. రత్నం ముల్లు వైపు చూసింది. ముల్లు ఇంకా ఏమీ తూచకముందే ఊగుతోంది.

వెండి తూచే పెద్ద త్రాసులో ఒకదానికొకటి పెట్టి చూస్తే, ఒకటో నంబరు పిస్టన్ మిగతా మూడింటికంటే ఒకటిన్నర తులం ఎక్కువ తూగింది. బ్రహ్మం ఆకురాయి తీసుకుని, లోపలి వైపు రాకి బరువు తగ్గిస్తానని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ముగ్గు దాటి, జాగ్రత్తగా, కొంగలాగా కాళ్ళు ఎత్తి నడిచాడు. ఈసారి రత్నం నవ్వు ఆపుకోలేదు. అతను వెనక్కి తిరిగి చూడనే చూశాడు.

*

కమ్మరి కొలిమికీ కంసాలి కుంపటికీ పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఆ ఊళ్ళో కొత్త కాదు. కాకపోతే కుంపటి వాళ్ళు కొంచెం ముక్కు ఎగరేసి ఇస్తారు. పిచ్చమ్మ వచ్చి కూర్చుని, వక్కాకు నములుతూ మాట కదిపింది.

"మా వానికి మీ రత్నాన్ని అడుగుదామని వచ్చినా అన్నా."

"నంద్యాల నుంచి అంగడి ఉన్న సంబంధం వచ్చింది పిచ్చమ్మా," అన్నాడు గోవిందాచారి. "మీ వానికి ఏముంది? మొగం మీద మసి. సరే, ఒక మాట. ఆ కారు ఎవరూ నెట్టకుండా ఘాటు ఎక్కిందనుకో, వాని చేతిలో పనుందని ఒప్పుకుంటా. అప్పుడు మాట్లాడుకుందాం. ఎక్కకపోతే నంద్యాలకు జాబు రాస్తా."

తలుపు వెనక రత్నం విన్నది. ఘాటు తనకు ఇంత దగ్గర చుట్టమవుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

రెండో రోజు బ్రహ్మం వచ్చాడు. ఒకటో నంబరు ఇంకా ముప్పాతిక తులం ఎక్కువ. మళ్ళీ రాకడానికి పోయాడు. ఈలోపల ఇంజను పైమూతను పలకల మండీలో యాకోబుకు అప్పజెప్పాడు. ఆ మూత ఎంత అరిగితే లోపల గాలీ పెట్రోలూ అంత బిగుసుకుని మండుతాయి, అంత బలంగా తంతాయి. యాకోబు పలకలు నున్న చేసే బండ మీద ఇసుక, నీళ్ళు పోసి, ముగ్గురు కూలీలతో మూడు రోజులు ఆ ఇనుప మూతను అరగదీశాడు.

"మోషేకు దేవుడిచ్చిన పలకలు గూడ ఇంత నున్నగా ఉండవు బ్రహ్మం. దీని మీద బలపంతో రాయొచ్చు," అన్నాడు యాకోబు.

మూడో రోజు తూస్తే నాలుగూ సమానం. ముల్లు నిట్టనిలువునా నిలబడింది.

నిలబడిన ముల్లును చూసి రత్నం గుండె జారింది. తూకం సరిపోయిందంటే రేపటి నుంచి ఇతను రాడు. నిన్న కొత్త పువ్వు ఎందుకు పెట్టుకున్నావని అడిగాడు, దానికి ఇంకా జవాబు కూడా చెప్పలేదు. జవాబు తయారుగా ఉంది.

"ఎట్లుంది?" అన్నాడు బ్రహ్మం చేతులు తుడుచుకుంటూ.

నగలు అతికించే లక్క పక్కనే మెత్తగా ఉంది. రత్నం వేలితో పావుతులం ముద్ద తీసి, ఒకటో నంబరు ఉన్న తట్ట అడుగున అంటించింది. బంగారమైతే చచ్చినా చేసేది కాదు. చెంబులాంటి ఈ లోహంలో పావుతులం ఏం లెక్క, అనుకుంది. కంసాలి బిడ్డ గనక అట్లా అనుకుంది.

"ఇంకా పావుతులం ఎక్కువుంది."

"అవునా! నా ఆకురాయి మొద్దుబారినట్టుంది."

"నీదేదో మొద్దుబారింది గానీ, ఆకురాయో కాదో!"

నాలుగో రోజు ఇంకో ముద్ద, మళ్ళీ పావుతులం. అయిదో రోజు మళ్ళీ. పువ్వు సంగతి, బెజవాడ కృష్ణ సంగతి, అక్కడ సోడాలో గోలీ ఎందుకుంటుందన్న సంగతి, అన్నీ మాట్లాడుకున్నారు. ఆరో రోజు ఇంక ఏ సంగతీ మిగల్లేదు గానీ ఊరికే నవ్వుకున్నారు. ఆ రోజుకు రత్నం మనసు కరిగి, "సరిపోయింది," అంది.

సరిపోలేదు. ఒకటో నంబరు పిస్టన్ మిగతా వాటికంటే ముప్పాతిక తులం తక్కువైంది. ఆ సంగతి రత్నానికీ లక్కకూ తప్ప మూడోవారికి తెలియదు.

*

ఎనిమిదో రోజు ఊరంతా బజారులో నిలబడింది. సుబ్బయ్య గారు కొత్త తలపాగాతో వెనక సీట్లో కూర్చున్నారు. బ్రహ్మం ఇంజను తిప్పాడు.

మొదట అది పిల్లి గురక పెట్టినట్టు మెత్తగా పలికింది. స్టేషను రోడ్డు పట్టగానే వేగం అందుకుంది. "భలే!" అన్నారు జనం. ఇంకొంచెం తొక్కాడు. అంతే, కారుకు పూనకం వచ్చింది. బానెట్టు తాళం కొట్టింది, దీపం ఊడి చేలో పడింది, తలపాగా ముందు పోయింది, సుబ్బయ్య గారి కళ్ళజోడు దాని వెనక పోయింది. బ్రహ్మం ఎట్లాగో ఆపి, వెనక్కి తిప్పి తెచ్చాడు. సుబ్బయ్య గారు దిగిన తర్వాత కూడా కాసేపు ఊగుతూనే ఉన్నారు.

"మా చర్చిలో ఉజ్జీవ కూటాల్లో గూడ ఇంత ఊగరయ్యా," అన్నాడు యాకోబు భక్తిగా.

జనం నవ్వారు. రామయ్య మనుషులు ఈలలు వేశారు. బ్రహ్మం ఎవరి వైపూ చూడలేదు. మొహాన మసి ఉన్నా కూడా ఎర్రబడటం కనపడింది. అది రత్నం గుమ్మంలోంచి చూసింది.

గంట తర్వాత సుబ్బయ్య గారు గోవిందాచారి అరుగు మీద కూర్చుని అరుస్తున్నారు. బ్రహ్మం పిస్టన్లు మళ్ళీ ఊడదీసి తెచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంకొక్కసారి తూచాల మామా."

"ఏందీ! నా త్రాసు మీద అనుమానమా?" గోవిందాచారి లేచి నిలబడ్డాడు. "నలభై ఏండ్లలో వేలెత్తి చూపినోడు లేడు. నీ పని చాతకాక నా త్రాసుకు మచ్చ తెస్తావా? రత్నా, కాయితం తే. నంద్యాలకు రాయాల."

"త్రాసు మీద కాదు మామా, నా చెయ్యి మీదనే అనుమానం. నేనే ఎక్కడో తప్పు రాకినాను. నాకే పని రాదు," అన్నాడు బ్రహ్మం.

రత్నం కాయితం తేలేదు. త్రాసు తెచ్చి, తట్ట తిరగేసి నాయన ముందు పెట్టింది. కింద ఎర్రటి లక్క మరక ఉంది.

"ఆయన చేతి తప్పు గాదు, త్రాసు తప్పు గాదు. మూడు దినాలు నేనే తప్పు తూచినా నాయనా."

గోవిందాచారి వేలితో ఆ మరకను తడిమి చూశాడు.

"ఎందుకు?" అన్నాడు గోవిందాచారి.

రత్నం కాలి బొటనవేలు వైపు చూసింది. అక్కడ జవాబు లేదు. చెప్పక తప్పలేదు.

"సరిపోయిందంటే... మర్నాటి నుంచి రాడని."

"ఎవరు రాడు?" అన్నారు సుబ్బయ్య గారు కంగారుగా. "కలెక్టరా?"

బ్రహ్మం మొహంలో ముందు కోపం వచ్చింది, దాని వెనక ఇంకేదో వచ్చింది, రెండూ తోసుకున్నాయి. కోపమే ముందు నోరు తెరిచింది.

"ఊరంతా ఈలలేసింది గదా నన్ను చూసి! నాలుగేండ్లు నేర్చుకున్న పని, గంటలో పోయె!"

"తెలుసు. చూసినా."

"చూసినావా! ఒక్క మాట నాతో అనుంటే, తూకం సరిపోయినాక గూడ ఏదో ఒక సాకు చెప్పి రానా?"

"ఏం సాకు?"

"ఏదో ఒకటి! కారుకు నట్లున్నాయి, బోల్టులున్నాయి, రెండొందలుంటాయి!"

గోవిందాచారి దగ్గాడు. ఇద్దరూ ఆగారు.

"మా తాత పెట్టిన కట్టు ఒకటుంది," అన్నాడు ఆయన నెమ్మదిగా. "తప్పు తూచిన చెయ్యి ఈ ఇంట్లో మళ్ళీ త్రాసు పట్టగూడదు. ఇట్లియ్యి."

రత్నం ఇచ్చేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. కళ్ళు నిండాయి గానీ చేతులు ఖాళీ లేక తుడుచుకోలేదు.

గోవిందాచారి త్రాసు ఎత్తాడు. ఒకటో నంబరు ఒక వైపు, రెండో నంబరు ఒక వైపు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"నాయనా?"

"ముల్లు ఎటు పోయింది?" అన్నాడు ఆయన, ఎవరి వైపూ చూడకుండా. "నాకు కనపడ్డంల్యా. రెండేండ్లాయె కనపడక. నడుముకేం కాలేదు."

నలభై ఏళ్ళ పరువును పణం పెట్టిన మాట అది. చెప్పడానికి ఎంత ఖర్చయిందో ఆయన గొంతులో వినపడింది. బ్రహ్మం కోపం అక్కడితో దిగిపోయింది.

"రత్నా, చెయ్యి పెట్టొద్దు. చూసి చెప్పు," అన్నాడు గోవిందాచారి.

అట్లా నాయన ఎత్తిపట్టాడు, కూతురు చూసి చెప్పింది, బ్రహ్మం అక్కడే కూర్చుని మిగతా మూడింటినీ ముప్పాతిక తులం రాకాడు.

"ముల్లు?"

"నిలబడింది."

"ఈసారి నిజంగానా?" అన్నాడు బ్రహ్మం.

"నమ్మకం లేకపోతే నువ్వే వచ్చి చూడు."

వచ్చి చూశాడు. ఒక్క ముల్లును ఇద్దరు చూడాలంటే తలలు దగ్గరికి రాక తప్పదు. ముల్లు నిలబడే ఉంది. వీళ్ళు చూస్తూనే ఉన్నారు.

"నాకు కండ్లు కనపడవన్నా గానీ, మరీ అంత గాదు," అన్నాడు గోవిందాచారి. "ఇంక చాల్లే, లెయ్యి."

*

పదో రోజు తెల్లవారి బయలుదేరారు. దొరకు హారతి ఇవ్వడానికి ఆడకూతురు కావాలన్నారు సుబ్బయ్య గారు. ఆ కారెక్కనని ఆయన భార్య ఒట్టు వేసుకుంది. అందుకని రత్నం హారతి పళ్ళెంతో, పక్కన గోవిందాచారి. ఎందుకైనా మంచిదని, నెట్టడానికి యాకోబు.

కంభం దాటారు. గిద్దలూరు స్టేషను దగ్గర ఎవరో చేతులు ఊపుతూ అరిచారు. తనకే జేజేలనుకుని సుబ్బయ్య గారు తిరిగి చెయ్యి ఊపారు. ఘాటు మొదట్లో రామయ్య ఆరు సిలిండర్ల కారు ముందు పోతోంది, కూర్చోవడానికి పదకొండు మంది, పట్టుకుని వేలాడటానికి నలుగురు.

సన్నటి జల్లు మొదలైంది. మొదటి మలుపు వచ్చింది. ఎప్పుడూ కారు ఆగి, మనుషులు దిగే చోటు అదే. యాకోబు అలవాటు కొద్దీ ఒక కాలు బయట పెట్టాడు.

"కాలు లోపలికి దీసుకో అన్నా," అన్నాడు బ్రహ్మం, తొక్కాడు.

ఇంజను గొంతు పైకి లేచింది. ఇంకా లేచింది. రత్నం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది, ఇప్పుడు ఊగుతుంది, ఇప్పుడు ఊగుతుంది అని. ఊగలేదు. కారంతా ఒక్క తీగ మీటినట్టు సన్నగా, గట్టిగా పాడింది. కళ్ళు తెరిచేసరికి చెట్లు కిందికి పోతున్నాయి. అద్దంలో బ్రహ్మం కళ్ళు కనపడ్డాయి, రోడ్డు చూడాల్సినవి.

"ముందు జూడు!" అంది.

"ముందేముంది, అన్నీ ఎనకబడిపోతున్నాయి గదా!"

రెండో మలుపులో రామయ్య కారు పొగలు కక్కుతూ ఆగి ఉంది, పదిహేను మందీ నెడుతున్నారు. సుబ్బయ్య గారు వాళ్ళకు చెయ్యి ఊపడం మరిచిపోలేదు.

ఘాటు పైకి ఎక్కేశారు. ఎవరూ దిగలేదు, ఎవరూ నెట్టలేదు. సుబ్బయ్య గారు దండ సర్దుకుని హుందాగా దిగారు. పైన కలెక్టరు లేడు. గొడుగు కింద బీడీ కాలుస్తూ రోడ్డు కూలీ పోలయ్య ఒక్కడున్నాడు.

"దొర రైల్లో పోయినాడు సామీ. పొద్దున్నే గిద్దలూరులో దిగి, కంభం చెరువు మీద బాతులు కొట్టను పోయినాడంట. మీకెవరూ చెప్పలేదా?"

సుబ్బయ్య గారు బ్రహ్మం మీద విరుచుకుపడ్డారు. "ఇంత బిరాన ఎక్కమని ఎవడు జెప్పినాడురా నీకు! మెల్లిగా పోయుంటే స్టేషను కాడ వాళ్ళు అరిచేది వినపడేది గదా!"

కారు ఎక్కకపోయినా తప్పే, ఎక్కినా తప్పే. బ్రహ్మం బానెట్టు నిమురుతూ నవ్వుకున్నాడు.

ఇంతలో రామయ్య తడిసి ముద్దై, బురద కాళ్ళతో, దండతో పైకి వచ్చాడు. సంగతి విన్నాడు. ఇద్దరు పెద్దమనుషులు చెరొక దండతో ఒకరినొకరు చూసుకున్నారు. దండలు తిరిగి ఊళ్ళోకి పట్టుకుపోతే నవ్వుతారు. ఒట్టి చేతులతో పోతే దొరకు వేశామని చెప్పుకోవచ్చు. పోలయ్య మెడలో వేస్తే మర్యాద కాదు. ఆలోచించి ఆలోచించి, సుబ్బయ్య దండ రామయ్య మెడలో వేశాడు, రామయ్య దండ సుబ్బయ్య మెడలో వేశాడు.

"పెండ్లి బాగా జరిగింది," అన్నాడు యాకోబు. "అక్షింతలు ఏసేవాళ్ళే లేరు."

గోవిందాచారి కారు దిగి, తడి గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"బ్రహ్మం, ఘాటు ఎక్కినామా?"

"ఎక్కినాం మామా."

"ఎవరన్నా నెట్టినారా?"

"దేవుడి మీద ఆన, నేను కాలు గూడ దింపలేదు," అన్నాడు యాకోబు.

"అయితే నంద్యాలకు వేరే జాబు రాయాల." గోవిందాచారి కూతురి వైపు తిరిగాడు. "త్రాసు పట్టని చేతులకు మా ఇంట్లో ఇంక పనేముందమ్మా? ఎవరి కోసం తప్పు తూచినాయో, వాళ్ళింట్లోనే చూసుకోవాల. మీ అమ్మతో చెప్పు బ్రహ్మం, ఈసారి వక్కాకు నేనే తెస్తానని."

ఆయన అడవిని చూడటానికని, కనపడినంత మేరకు, అటు తిరిగి నిలబడ్డాడు.

జల్లు పెద్దదైంది. బ్రహ్మం బానెట్టు తెరిచి పట్టుకుంటే రత్నం దాని కింద నిలబడింది. హారతి కర్పూరం తడిసిపోయింది గానీ ఎవరికీ బాధ లేదు.

"ఇంక నేనేం తూచేది బావా?" అంది రత్నం. బావా అనడం అదే మొదలు.

"మా కొలిమిలో తుక్కు ఇనుము తూచే కాటా ఉండాది. వీశెకు పావువీశె దానంతట అదే తప్పుతాది. నువ్వు ఎంత తప్పు తూచినా పాపం దానిదే."

"పావువీశెనా!" రత్నం కళ్ళు పెద్దవి చేసింది. "పావుతులానికే నువ్వు మూడు దినాలు తిరిగినావు. అంత లెక్కన అయితే ఎన్నేండ్లు తిరుగుతావో!"

"నేనెక్కడికి తిరిగేది? కాటా మా ఇంట్లోనే గదా!"